రేకు మీద విమానం ముక్కు బొమ్మ వేయడం ఎలా (మా గూడబాతు పనితో సహా)

ముందే ఒక మాట చెప్పేస్తాను, రేకు కొనకముందే, రంగు డబ్బా మూత తీయకముందే పేరు ఖాయం చేసుకోండి. నోస్ ఆర్ట్, అదే విమానం ముక్కు మీద వేసే బొమ్మ, అంటే ఉత్త బొమ్మే కదా అనుకుంటారు చాలామంది, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, ఫోన్లో ఒక షార్క్ నోరు ఫొటో దొరికింది, దాన్ని చూసి దించేస్తే పనైపోతుందనుకున్నాను. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజుల ఫొటోలు రాత్రుళ్ళు కూర్చుని చూస్తే అర్థమైందేటంటే ప్రతి బొమ్మ వెనకాల ఒక మనిషో ఒక ఊరో ఉంటుంది. 1943 మేలో 25 మిషన్లు, అంటే దాడికి వెళ్ళి తిరిగొచ్చే ట్రిప్పులు, పూర్తి చేసిన బీ-17 బాంబర్ మెంఫిస్ బెల్ ఉంది కదా, ఆ పేరు దాని పైలట్ రాబర్ట్ మోర్గాన్ ప్రేమించిన మెంఫిస్ ఊరి అమ్మాయి మార్గరెట్ పోల్క్ కోసం పెట్టుకున్నది. హిరోషిమా మీద బాంబు వేసిన బీ-29 ముక్కు మీద బొమ్మే లేదు, ఎనోలా గే అన్న అక్షరాలే, అది పైలట్ పాల్ టిబెట్స్ వాళ్ళమ్మ పేరు, బయల్దేరే ముందురోజు రాయించాడు. ఆ రెండు మాటలు చూసినప్పుడల్లా నాకు మనసు అదోలా అయిపోతుంది, అమ్మ పేరు వెళ్ళి అక్కడ చేరింది.

నేను విజయనగరంలో బోర్డులు రాసేవాణ్ణి. లారీ వెనకాల నెమలి, ఆటో మీద పిల్లల పేర్లు, పైడితల్లి పండగకి గుడ్డ బ్యానర్లు, అన్నీ చేత్తోనే. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని చాలా తగ్గింది. మా వీధిలో ఒక మావయ్య ఉన్నారు, ఎయిర్ ఫోర్సులో ఏఎన్-32 విమానాల మీద ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు, సొంతూరు టెక్కలి దగ్గర. ఒకరోజు వచ్చి "ఒరే బాబూ, నా గేటుకి ఒక బొమ్మ కావాలిరా, విమానానికి వేసినట్టుండాలి, ఫ్లెక్సీ మాత్రం వద్దు" అన్నారు. ఏ బొమ్మ మావయ్యా అంటే ఆలోచించుకుని చెప్తానని వెళ్ళిపోయి మూడు రోజులు పోయాక వచ్చి గూడబాతు, అదే పెలికాన్ పిట్ట, అన్నారు. వాళ్ళ ఊరి పక్కన తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, చిన్నప్పుడు వాటి కిందే ఆడుకున్నారట. ఏఎన్-32 కూడా సరుకు మోసే విమానమే, పెద్ద పొట్ట, చండీగఢ్ నుంచి లేహ్‌కి ఎగిరేది. సంచీ లాంటి ముక్కున్న పిట్ట, సంచీ లాంటి పొట్టున్న విమానం. మావయ్య చెప్పేదాకా నాకు అది తట్టలేదు. బొమ్మ ఇలా దొరకాలి. మీకు దొరక్కపోతే ఒక వారం ఆగండి, కంగారేం లేదు.

ఇప్పుడు రేకు సంగతి. బస్సు బాడీలు కట్టే షెడ్డుకి వెళ్ళి అల్యూమినియం రేకు ముక్క అడగండి, మిగిలిపోయినవి తూకానికి ఇచ్చేస్తారు. ఒక మిల్లీమీటరు మందం ఉండాలి, అంతకన్నా పల్చనైతే చెయ్యి పెట్టగానే డబడబలాడుతుంది, బ్రష్ గీత వణికిపోతుంది. మూడడుగులు బై రెండడుగులు సరిపోతుంది. దాన్ని చదునుగా వదిలేయకండి, విమానం ముక్కు గుండ్రంగా కదా ఉండేది, ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ముకి రేకుని ఆనించి రెండు పక్కలా మోకాళ్ళతో మెల్లగా నొక్కితే కొంచెం ఒంపు తిరుగుతుంది, ఆ కొంచెం ఒంపే చాలు, ఎండ పడ్డప్పుడు వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జారుతుంది, చూసేవాడికి వెంటనే విమానం అనిపిస్తుంది.

రివెట్లు, అంటే రేకుల్ని కలిపి పట్టే గుండు మేకులు, రంగు వేయకముందే కొట్టాలి. ఒక నిలువు వరస, ఒక అడ్డం వరస, అంగుళానికి ఒకటి, పాప్ రివెట్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, వాటిని కొట్టే గన్ను షెడ్డువాళ్ళనే అడిగి తెచ్చుకోండి. పాప్ రివెట్ తలకాయ మధ్యలో చిన్న కన్నం ఉంటుంది, దాన్ని మెటల్ పుట్టీతో పూడ్చేసి రుద్దేయండి, లేకపోతే దగ్గరికొచ్చి చూసేవాళ్ళకి అది విమానం కాదు, బీరువా. అసలు విమానం రివెట్లు ఎలా ఉంటాయో చూడాలంటే వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పెద్ద విమానం ఉంది, 2017 లో నేవీ సర్వీసు నుంచి తప్పించాక మ్యూజియం చేశారు, దాని పొట్ట కింద నిలబడి తల పైకెత్తి రేకులు ఎక్కడ ఎక్కడ అతుక్కున్నాయో చూడండి. నేను ఒక పూటంతా అక్కడే నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. మా ఊరి నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం, టిక్కెట్టు పెట్టి చూసినదానికి రెట్టింపు నేర్చుకున్నాను.

ప్రైమర్ దగ్గర నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. మావయ్య పని కన్నా ముందు నా కోసం ఒక షార్క్ నోరు వేసుకున్నాను, లారీలకి వేసే అలవాటు కొద్దీ రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్ వేసేశాను. ఇనుముకి అది బానే ఉంటుంది, అల్యూమినియానికి కాదు. ఆగస్టు వానలకి పళ్ళు పళ్ళుగానే ఊడి కింద పడ్డాయి, గోరు పెట్టి లాగితే అప్పడంలా ఒక్క ముక్కలో వచ్చేసింది రంగు. అల్యూమినియం మీద గాలి తగలగానే కంటికి కనపడని పొర ఒకటి కట్టేస్తుంది, రంగు ఆ పొరని పట్టుకుంటుంది గానీ రేకుని పట్టుకోదు. అందుకని ముందు సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, థిన్నర్ గుడ్డతో తుడవండి, 220 నంబరు వాటర్ పేపరుతో గుండ్రంగా రుద్దండి, మెరుపు పోయి పాలిపోయినట్టు అవ్వాలి, మళ్ళీ తుడవండి, ఇక వేలు పెట్టకండి. అదే రోజు, వీలైతే అదే పూట, ఎచ్ ప్రైమర్, అంటే లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే రకం, పల్చగా ఒక్క కోటు. పెద్ద పెయింటు షాపుల్లో అడిగితే ఇస్తారు, కార్లకి టచింగ్ చేసేవాళ్ళ దగ్గరా ఉంటుంది. పసుపు రంగులో ఉండే జింక్ క్రోమేట్ ప్రైమర్ కూడా అల్యూమినియానికి బాగా పడుతుంది, ఆ రోజుల్లో విమానాల లోపల అదే వాడేవాళ్ళు, కానీ దాని దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, వాడితే పొడిగా రుద్దొద్దు, మాస్కు లేకుండా అసలు ముట్టుకోవద్దు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎచ్ ప్రైమరే మేలు.

గ్రౌండ్ రంగు, అంటే బొమ్మ వెనకాల రేకంతా వేసే రంగు. అమెరికా బాంబర్లకి పైన వేసేది ఆలివ్ డ్రాబ్, అడుగున బూడిద రంగు, 1944 మొదలయ్యాక ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి చాలావరకు రంగు లేకుండా ఉత్త మెరిసే లోహంతోనే వచ్చేవి. ఆలివ్ డ్రాబ్ డబ్బా కోసం ఊరంతా తిరగకండి. గోల్డెన్ ఎల్లో ఎనామిల్‌లో నలుపు చుక్కలు చుక్కలుగా కలపండి, పసుపులో నలుపు పడితే ఆకుపచ్చగా తిరుగుతుంది, నమ్మనివాళ్ళు ఒక మూతలో చేసి చూడండి. తర్వాత చిటికెడు ఎరుపు వేస్తే ఆ పచ్చదనం చచ్చి మట్టి రంగు వస్తుంది, ఎండిన పేడకీ తుమ్మాకుకీ మధ్య రంగు అనుకోండి. మెరుపు ఉండకూడదు. ఎనామిల్ మెరుస్తుంది కదా, రెండ్రోజులు ఆరాక 600 నంబరు పేపరు నీళ్ళల్లో ముంచి అతి మెత్తగా ఒక చెయ్యి తిప్పితే మెరుపు చచ్చిపోతుంది, ఆ గరుకు మీద బొమ్మ రంగు కూడా బాగా పట్టుకుంటుంది. పొద్దున్న ఏడు నుంచి పది మధ్యలో వేసుకోండి, మన దగ్గర మధ్యాహ్నం అయితే సముద్రం గాలి దుమ్ము తెచ్చి పోస్తుంది, సాయంత్రం అయితే పురుగులు.

బొమ్మ దించడం. యుద్ధంలో ఈ బొమ్మలు వేసినవాళ్ళు ఎక్కువమంది పెద్ద ఆర్టిస్టులేం కాదు, మెకానిక్కులు, గ్రౌండ్ సిబ్బంది, నిచ్చెన మీదో డ్రమ్ము మీదో నిలబడి దొరికిన రంగుతో వేసేవాళ్ళు. మెంఫిస్ బెల్ బొమ్మ వేసిన టోనీ స్టార్సర్ ఇంగ్లండ్‌లో బాసింగ్‌బోర్న్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఉండేవాడు, ఒక్కడే వందకి పైగా విమానాలకి వేశాడు. ఎస్క్వైర్ పత్రికలో జార్జ్ పెట్టీ వేసిన ఫోన్ పట్టుకున్న అమ్మాయి బొమ్మ చూసి దించాడు, విమానానికి ఒక పక్క నీలం బట్టలు, ఇంకో పక్క ఎర్ర బట్టలు. చిన్న కాగితం మీది బొమ్మని అంత రేకు మీదకి పెంచాలంటే గళ్ళు కొట్టుకోవడం ఒక్కటే దారి, సినిమా కటౌట్లు వేసినవాళ్ళకి ఇది కొత్త కాదు, కాగితం మీద అంగుళం గళ్ళు, రేకు మీద నాలుగంగుళాల గళ్ళు సుద్దముక్కతో, ఒక్కో గడిలో ఏముందో అదే ఎత్తుకోవాలి, మొత్తం బొమ్మ వైపు చూడకూడదు.

నేను మాత్రం గళ్ళు బ్రౌన్ పేపరు మీద కొడతాను. బొమ్మ పూర్తి సైజులో కాగితం మీద వచ్చాక గీత వెంబడి సూదితో కన్నాలు పొడుస్తాను, కాగితాన్ని రేకు మీద టేపుతో అంటించి పల్చటి గుడ్డలో సుద్దపొడి మూట కట్టి తడతాను, కాగితం తీస్తే చుక్కల్లో బొమ్మ కనపడుతుంది. ఇలా చేస్తే లాభం ఏటంటే అదే కాగితాన్ని తిరగేసి రెండో పక్కకి వాడుకోవచ్చు. విమానం మీద అయినా లారీ మీద అయినా జంతువు ఎప్పుడూ ముందుకే చూడాలి, వెనక్కి చూస్తే పారిపోతున్నట్టుంటుంది, మా గురువుగారు లారీ బొమ్మలకి చెప్పిన మాట ఇది, విమానాలకీ అంతే.

షార్క్ నోరు వేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అది ఎక్కడపడితే అక్కడ వేసే బొమ్మ కాదు. పీ-40 విమానానికి ముక్కు కింద గాలి పీల్చుకునే పెద్ద తొర్ర ఉంటుంది, నోరు దాని చుట్టూ కుదిరింది కాబట్టే అంత బాగుంది. ముందు జర్మన్ల మెసర్‌ష్మిట్ 110 ల మీద ఉండేది, అది చూసి ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్‌వాళ్ళ 112 స్క్వాడ్రన్ తమ పీ-40 లకి వేసుకుంది, వాళ్ళ ఫొటో చూసి చైనా కోసం పోరాడిన అమెరికన్ వాలంటీర్లు, అదే ఫ్లయింగ్ టైగర్స్, వేసుకున్నారు. ప్రతివాడూ సుద్దతో తనకి తోచినట్టు గీసుకున్నాడు కాబట్టి ఏ రెండు నోళ్ళూ ఒక్కలా ఉండవు. ఇంకోటి, ఈ ఫ్లయింగ్ టైగర్స్ విమానాలు 1941 డిసెంబర్ 23 న, 25 న బర్మాలో రంగూన్ మీద జపాన్ బాంబర్లతో తలపడ్డాయి. రంగూన్ అంటే మన రంగం. కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి మన ఉత్తరాంధ్ర నుంచి ఎన్ని వేలమంది కూలీకి వెళ్ళారో అక్కడికి. ఆ డిసెంబర్లో రేవులో మూటలు మోస్తున్న మనవాళ్ళ నెత్తి మీదే ఆ పళ్ళ విమానాలు తిరిగాయి. మా తాతమ్మ వాళ్ళ అన్నయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు, తర్వాత అడవులు కొండలు పడి నడిచొచ్చాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. షార్క్ నోరు నాకు ఉత్త డిజైన్‌గా కనపడదు అందుకే.

సరే, గూడబాతు దగ్గరికొస్తాను. ముదురు గ్రౌండ్ మీద వేస్తున్నాం కాబట్టి తెలుపు ఒక్క కోటులో నిలవదు, కిందున్న పచ్చ తొంగి చూస్తుంది. పిట్ట మొత్తం ఆకారానికి ముందు లేత బూడిద రంగు నింపండి, ఒక రాత్రి ఆరనివ్వండి, మర్నాడు తెలుపు. రెక్కల కింద అదే బూడిద వదిలేస్తే నీడ ఉచితంగా వచ్చేస్తుంది. ముక్కు సంచీకి తెలుపులో చిటికెడు ఎరుపు, చిటికెడు పసుపు, మన గూడబాతు పై ముక్కు మీద నల్ల చుక్కలుంటాయి, ఆ చుక్కలు మర్చిపోతే మావయ్య ఒప్పుకోలేదు, "అది మా ఊరిది కాదురా" అన్నారు. అన్నిటికన్నా చివర నల్ల గీత, నంబర్ ఫోర్ రౌండ్ బ్రష్, ఎనామిల్‌లో రెండు చుక్కలు తార్పీన్, ఎడం చేతిలో కర్ర పట్టుకుని దాని మీద కుడి మణికట్టు ఆనించి ఊపిరి బిగబట్టి లాగాలి. గీత బయట పక్క లావుగా, లోపలి పక్క సన్నగా. రివెట్ అడ్డొస్తే బ్రష్ ఎత్తొద్దు, రివెట్ ఎక్కించి దింపేయండి, అక్కడ గీత కొంచెం వణికితేనే అది లోహం మీద చేత్తో వేసిందని తెలుస్తుంది. కన్ను ఆఖరున. కంట్లో తెల్ల చుక్క పెట్టాక ఇక పిట్ట జోలికి పోవద్దు.

అక్షరాల దగ్గర మనకి మనమే దారి వేసుకోవాలి, ఎందుకంటే వాళ్ళ అక్షరాలకీ మన అక్షరాలకీ పోలిక లేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, రెండు గీతల మధ్య ఇమిడిపోతాయి. మనకి పైన గుడి, కింద వత్తు. మూడంగుళాల అక్షరం రాస్తే గుడికి ఒక అంగుళం పైన, వత్తుకి అంగుళంన్నర కింద వదలాలి, ఆ లెక్క ముందే వేసుకోకపోతే వత్తు వెళ్ళి పిట్ట కాలు తొక్కుతుంది. అందుకే పేరు ఎంచుకునేటప్పుడే వత్తులు తక్కువున్న మాట చూడండి. గూడబాతు అన్న మాట రాసి చూడండి, ఒక్క వత్తు లేదు, నాలుగే అక్షరాలు, కొమ్ములన్నీ కుడి పక్కకే పోతాయి, వరసగా రాస్తే నాలుగు గుండ్రాలు దొర్లుతున్నట్టుంటుంది. తప్పనిసరిగా వత్తులున్న పేరే కావాలంటే, పైడితల్లి అనుకోండి, వత్తుని అక్షరం కిందకి కాకుండా కొంచెం కుడికి జరిపి లోపలికి లాక్కోండి, లారీల మీద చేసినట్టే. పసుపు అక్షరం, ఎడమ పక్క కిందకి నల్ల నీడ, అంతే. మూడు రంగుల షేడింగులు, మెరుపులు వద్దు, విమానం మీద రాసేవాడికి అంత తీరిక లేదు, దూరం నుంచి చదివేవాడికి అంత అవసరమూ లేదు. రాశాక వీధి అవతలి అరుగు మీద నిలబడి చూడండి, ఒక చూపులో చదవగలిగితే సరే. ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూసినా తప్పు ఎక్కడుందో చెప్పేస్తుంది.

చిన్న గుర్తుల వరస మర్చిపోకండి, నాకైతే మొత్తం బొమ్మలో ఎక్కువ మాట్లాడేది అదే. బాంబర్ల మీద ప్రతి మిషన్‌కి ఒక చిన్న బాంబు బొమ్మ వేసేవాళ్ళు. మన దేశం నుంచి హిమాలయాలు దాటి చైనాకి సరుకు, పెట్రోలు మోసిన విమానాలకి ఒక్కో ట్రిప్పుకి ఒక ఒంటె, ఆ దారిని హంప్ అనేవాళ్ళు కదా, మూపురం అన్నమాట. మన హౌరా లైన్లో వచ్చే ఖరగ్‌పూర్ దగ్గర 1944 లో దిగిన బీ-29 లకి కూడా ఈ ఒంటెలు ఉండేవి. గుర్తు అంటే లెక్క, ఎన్నిసార్లు వెళ్ళి తిరిగొచ్చారో ఆ లెక్క. మావయ్యకి యుద్ధం గుర్తులు వద్దు, పోస్టింగులు ఆరు, అందుకని ఆరు చేపలు పిట్ట ముక్కు ముందు వరసగా. ఒక్కో చేప చేత్తో వేస్తే ఒకటి లావు ఒకటి సన్నం అవుతుంది కాబట్టి పాత ఎక్స్‌రే ఫిల్ము తీసుకుని బ్లేడుతో చేప ఆకారం కోసి దాన్నే స్టెన్సిల్ చేసుకోండి, స్పాంజి ముక్కకి రంగు అంటించి ముందు పేపరు మీద రెండుసార్లు తట్టి దాదాపు ఆరిపోయిన స్పాంజితో రేకు మీద కొట్టండి, తడి ఎక్కువైతే ఫిల్ము కిందకి పాకేస్తుంది.

పాతబడినట్టు చేయడం మీద ఇప్పుడు పిచ్చి ఎక్కువగా ఉంది, రివెట్ల దగ్గర వెండి రంగు గీతలు, నూనె మరకలు. కావాలంటే రివెట్ తలల మీద స్పాంజితో రెండు మూడు చోట్ల సిల్వర్ తాకించండి, అంతకు మించి నేను ఒప్పుకోను, మీ గేటుకి ఎండా వానా ఎలాగూ తగులుతాయి, నిజం మరకలు అవే వస్తాయి. పైన వార్నిష్ కూడా కొట్టను, ఎండకి పసుపు తిరిగి తెల్ల పిట్ట కాస్తా కామెర్లు పట్టినట్టు అయిపోతుంది. నెల్లాళ్ళు బాగా ఆరనిచ్చి కారు వ్యాక్సు మెత్తటి గుడ్డతో రాయండి, వానాకాలం ముందు మళ్ళీ ఒకసారి.

ఒక జాగ్రత్త, ఇది రేకు మీద, మన గోడకి మన గేటుకి. సర్వీసులో ఉన్న విమానం మీద యూనిట్ అనుమతి లేకుండా ఎవరూ చుక్క కూడా పెట్టకూడదు. యుద్ధం అయ్యాక ఆ బాంబర్లలో వేలకి వేలు తుక్కు కింద కరిగించేశారు, అమెరికాలో వాల్‌నట్ రిడ్జ్ అనే చోట కరిగించేముందు కొన్ని ముక్కులు గొడ్డళ్ళతో నరికి పక్కన పెట్టబట్టి ఆ రేకు ముక్కలు ఇవాళ మ్యూజియంలో మిగిలాయి, రంగు చెదిరిపోయి, అంచులు చిరిగిపోయి. మిగతావన్నీ కరిగి గిన్నెలుగానో సామానుగానో మారిపోయుంటాయి. వేసినవాళ్ళు చాలామంది సంతకం కూడా పెట్టలేదు. మీరు మాత్రం మూలన చిన్నగా మీ పేరు, సంవత్సరం రాయండి, ఎవరి కోసం వేశారో వాళ్ళ పేరు కూడా.

బిగించేటప్పుడు ఇనుప స్క్రూలు వాడకండి, మన సముద్రం గాలికి ఇనుమూ అల్యూమినియం తగులుకున్న చోట తెల్లగా పొడి కట్టి రేకు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ప్రతి స్క్రూ కింద రబ్బరు వాషరు, గోడకీ రేకుకీ మధ్య వేలు దూరేంత సందు. మావయ్యది గేటుకి ఎడం పక్క స్తంభం మీద బిగించాం, ముక్కు రోడ్డు వైపుకి వచ్చేలా. బిగించాక ఆయన కాసేపు చూసి, ఆరో చేప పక్కన చేత్తో కొలిచి, "ఇక్కడ ఇంకోదానికి చోటుందిరా, టెక్కలి కూడా వెయ్యి, అక్కడి నుంచే కదా బయల్దేరింది" అన్నారు. స్టెన్సిల్ ఇంకా జేబులోనే ఉంది, నిచ్చెన దిగకుండానే వేసేశాను.